సెల్‌ఫోనులో వాద్యబృందం – లాభమెంత? లోటెంత?

హైదరాబాదు పాతబస్తీలో పెళ్ళి ఊరేగింపు బయలుదేరితే మర్ఫా మ్రోత వీధంతా నిండుతుంది. నిజాం ప్రభువుల కొలువులో సైనికులుగా పనిచేయడానికి యెమెన్ దేశపు హద్రమౌత్ ప్రాంతం నుండి వచ్చిన అరబ్బులు, ఆఫ్రికా మూలాలు గల సిద్దీలు ఈ నగరానికి ఇచ్చిన లయ అది. చార్మినారుకు దక్షిణాన ఉన్న బార్కాస్ పేటకు ఆనాటి సైనికుల బ్యారక్స్‌ను బట్టే ఆ పేరు వచ్చినది. మర్ఫా వాద్యం, డోలు, స్టీలు బిందె, కర్రలు – సామగ్రి ఇంతే. మన బరాత్‌లలో మ్రోగే తీన్‌మార్ దరువు కూడా దీనికి దగ్గరి చుట్టమే. అదే పాతబస్తీలో ఖవ్వాలీ పాడేవారి ముందు చూస్తే హార్మోనియం పెట్టె కనబడుతుంది.

ఈ రెండు వాద్యాల శబ్దాలనూ నేడు సెల్‌ఫోనులో ఎక్కించుకొని వాయించవచ్చును. పియానో, వయొలిన్, వేణువు, తబలా – ఏది కావాలన్నా ఒక యాప్‌లో దొరుకుతుంది. హార్మోనియం వాయించే పెద్దలు కరువైన గ్రామ సంఘాలలో యౌవనస్థుల చూపు సహజంగానే ఇటువైపు తిరుగుతుంది. "ఫోను ఉండగా హార్మోనియం ఎందుకు? డోలు వాయించే మనిషి ఎందుకు?" అనే ప్రశ్న కూడా వెంటనే వస్తుంది. దీనికి తొందరపడి అవునని గాని, కాదని గాని చెప్పకముందు ఆ ఫోనులో నిజంగా ఏమున్నదో తెలిసికొనుట మంచిది.

ఫోనులో ఉన్నది వాద్యమా?

ఫోనులో వాద్యం లేదు. వాద్యాన్ని వాయించినప్పుడు రికార్డు చేసి దాచిన శబ్దపు ముక్క ఉన్నది. దానినే శాంపిల్ అంటారు. మనం గాజు తెర మీద 'స' మెట్టును తాకితే, ఎవరో ఒక వాద్యకారుడు ఎప్పుడో వాయించిన 'స' తిరిగి వినబడుతుంది.

ఈ ఆలోచన ఇప్పటిది కాదు. 1963లో ఇంగ్లండులో మెలోట్రాన్ అనే వాద్యం వచ్చినది. దానిలో ఒక్కొక్క మెట్టు క్రింద ఒక్కొక్క టేపు ముక్క ఉండేది. మెట్టు నొక్కితే టేపు దాదాపు 8 సెకండ్లపాటు తిరిగి ఆగిపోయేది. మా పని పోతుందేమోనని ఆ దేశపు వాద్యకారుల యూనియన్ అప్పుడే ఆందోళనపడినది. 1979లో ఆస్ట్రేలియాలో తయారైన ఫెయిర్‌లైట్ అనే యంత్రం టేపుకు బదులు కంప్యూటరును వాడినది. ఆనాడు సామాన్యునికి అందని ఆ పని నేడు పిల్లవాని చేతిలోని ఫోను చేయుచున్నది.

మేలు ఏమిటి?

మొదటిది ఖర్చు. ఐఫోనులో గ్యారేజ్‌బ్యాండ్ అనే యాప్ ఉచితంగానే దొరుకుతుంది. ఆండ్రాయిడ్ ఫోనులకు కూడా ఉచితమైనవి, కొద్ది ధరకు దొరికేవి అనేకం ఉన్నవి. రెండవది మోత బరువు లేకపోవుట. హార్మోనియం పెట్టెను ఊరూరా మోయనక్కరలేదు. మూడవది శృతి. గాయకుని గొంతు దిగితే ఒక్క మీట నొక్కి శృతిని దించవచ్చును. వ్రేళ్ళు అలవాటైన మెట్ల మీదనే ఉండవచ్చును.

నాలుగవది సాధన. ఇయర్‌ఫోను పెట్టుకొని రాత్రివేళ నేర్చుకొన్నా ఇంట్లో ఎవరికీ నిద్ర చెడదు. ఐదవది, మన ఊరి శబ్దాన్ని మనమే దాచుకొనగలుగుట. కోలా శాంప్లర్ వంటి యాప్‌లలో ఫోను మైకుతోనే డప్పు దెబ్బను రికార్డు చేసి, తెర మీది గడిలో పెట్టుకొని వ్రేలితో వాయించవచ్చును.

ఫోనుకు తగిన కేబులు ద్వారా చిన్న కీబోర్డును కలిపితే గాజు మీద తడుముకొనే బాధ కూడా తప్పుతుంది. వేర్వేరు కంపెనీల వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకొనే మిడి అనే పద్ధతి 1983లోనే ఏర్పడినది గనుక ఇది సాధ్యమగుచున్నది.

లోటు ఎక్కడ?

మొదటి లోటు స్థలం. సీడీ నాణ్యతతో స్టీరియోలో ఒక నిమిషం శబ్దాన్ని దాచడానికి సుమారు 10 మెగాబైట్లు కావలెను. పియానోకు 88 మెట్లు. ఒక్కొక్క మెట్టును 10 సెకండ్ల చొప్పున రికార్డు చేస్తే దాదాపు 155 మెగాబైట్లు అవుతుంది. మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా – ఇట్లు అయిదు స్థాయిలలో రికార్డు చేస్తే 775 మెగాబైట్లు దాటుతుంది. అది ఒక్క పియానోకే!

అందుచేత చాలా యాప్‌లు అన్ని మెట్లనూ రికార్డు చేయవు. కొన్నిటిని మాత్రమే రికార్డు చేసి, వాటి నడుమ ఉన్న స్వరాల కొరకు అదే శబ్దాన్ని వేగం పెంచి, తగ్గించి సాగదీస్తాయి. ఒక శబ్దాన్ని ఒక స్థాయి పైకి పంపాలంటే రెట్టింపు వేగంతో త్రిప్పాలి. అప్పుడు దాని నిడివి సగమవుతుంది, దానిలోని కంపనం కూడా రెట్టింపు వేగంతో వణుకుతుంది. పై స్వరాలలో వేణువు ఏదో చిన్నపిల్లల బొమ్మలా వినబడడానికి కారణమిదే.

రెండవ లోటు ఆలస్యం. శబ్దం గాలిలో సెకండుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. సెకండులో నూరవ వంతు ఆలస్యమైతే వాద్యకారుడు మూడున్నర మీటర్ల దూరంలో కూర్చున్నట్లు. అది ఎవరికీ తెలియదు. కాని బ్లూటూత్ స్పీకరు పెడితే సెకండులో అయిదవ వంతు దాకా ఆలస్యం కావచ్చును. అనగా వాద్యకారుడు దాదాపు 70 మీటర్ల అవతల నుండి వాయిస్తున్నట్లు! ఇక తాళం ఎట్లు కుదురుతుంది? 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8లో ఈ ఆలస్యాన్ని తగ్గించే ఏర్పాటు చేశారు గాని, ఫోనును బట్టి తేడా ఉంటుంది.

మూడవ లోటు స్పర్శ. మామూలు ఫోను తెరకు వ్రేలు ఎక్కడ తాకినదో తెలుస్తుంది గాని ఎంత బలంగా తాకినదో సరిగా తెలియదు. కొన్ని యాప్‌లు ఫోను కదలికను బట్టి ఊహిస్తాయి, అంతే.

నాలుగవది, పాట మధ్యలో ఫోను కాల్ రావడం, ఉచిత యాప్‌లలో ప్రకటనలు ప్రత్యక్షం కావడం, ఛార్జింగ్ అయిపోవడం. హార్మోనియానికి కరెంటు అక్కరలేదు.

పాతబస్తీ నేర్పే పాఠం

ఇప్పుడు మొదట చెప్పిన రెండు వాద్యాలను ప్రక్కప్రక్కన పెట్టి చూద్దాము. హార్మోనియంలో ప్రతి మెట్టుకు దాని స్వరం స్థిరంగా ఉంటుంది. నొక్కితే పలుకుతుంది, వదిలితే ఆగుతుంది. ఇటువంటి వాద్యాన్ని ఫోను బాగానే అనుకరిస్తుంది. తిత్తిని నెమ్మదిగా, ఉధృతంగా ఊదుటలో వచ్చే హెచ్చుతగ్గులు తప్ప పెద్దగా పోయేదేమీ లేదు.

హార్మోనియం కూడా ఒకప్పుడు ఇదే విమర్శను ఎదుర్కొన్నది. యూరప్‌లో పుట్టిన ఈ వాద్యం మెట్టు నుండి మెట్టుకు గెంతుతుందే గాని గమకాన్ని పలికించలేదని చెప్పి, 1940లో ఆలిండియా రేడియో దానిని నిషేధించినది. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. అయినను మన సంఘాలలో కీర్తనలకు హార్మోనియం నిలిచినది. ఎందువలన? గమకాన్ని గాయకుని గొంతు చూసుకొన్నది. శృతిని, దారిని హార్మోనియం చూపినది. ఫోను కూడా ఆ పనిని చేయగలదు.

కాని మర్ఫా సంగతి వేరు. ఆ వాద్యకారుని రెండు దెబ్బలు ఎన్నడూ ఒకే విధంగా ఉండవు. చర్మం మధ్యలో ఒక శబ్దం, అంచున ఇంకొకటి. ఎండకు చర్మం బిగిస్తే ఒకటి, చెమ్మకు వదులైతే మరొకటి. ఫోనులో ఒకే ముక్క పదేపదే వినబడితే చెవికి వెంటనే తెలిసిపోతుంది. మంచి యాప్‌లు నాలుగైదు ముక్కలను మార్చి మార్చి వినిపించి ఈ లోటును కొంత పూడ్చుతాయి. అయితే అంతకన్న ముఖ్యమైనది మరొకటి ఉన్నది. డోలు వాయించేవాడు బిందె వాయించేవాని ముఖం చూస్తాడు. జనం అడుగు పెంచితే ఇద్దరూ కలిసి వేగం పెంచుతారు. ఆ జవాబు శాంపిల్‌లో లేదు.

గనుక మేము గ్రహించిన సూత్రమిది: స్వరం స్థిరంగా నిలిచే మెట్ల వాద్యానికి ఫోను మంచి ప్రతినిధి. ఊపిరితోను, అరచేతితోను, కమానుతోను ప్రాణం పోసుకొనే వాద్యానికి అది ఛాయాచిత్రం మాత్రమే. ఛాయాచిత్రం ఇంట్లో ఉండవచ్చును. అది భోజనానికి పిలిచినా రాదు.

ఇంటిలోను, సంఘంలోను ఏమి చేయవచ్చును?

హార్మోనియం కొనలేని చిన్న సంఘం ఫోనును వాడుకొనుటకు సిగ్గుపడనక్కరలేదు. అయితే బ్లూటూత్‌కు బదులు వైరుతో స్పీకరు కలపండి. ఆరాధనకు ముందు ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, ఛార్జింగ్ చూసుకొనండి. యాప్‌ను కొనేముందు వేగంగా తాళం వేసి చూడండి. వ్రేలికి, శబ్దానికి నడుమ ఎడం తెలిస్తే అది పాటకు పనికిరాదు. పిల్లలు ఫోనులో మొదలుపెట్టినా, వీలైనప్పుడు నిజమైన మెట్ల మీద కూర్చుండబెట్టండి.

సంఘంలో డోలక్ వాయించే సహోదరుడు ఉంటే ఫోను కొరకు ఆయనను ప్రక్కకు జరపవద్దు. ఆయన దరువును రికార్డు చేసికొనదలిస్తే ముందు అనుమతి అడగండి. దానివలన సంపాదన వస్తే ఆయన భాగం ఆయనకు ఇవ్వండి. బార్కాస్ వీధులలోని మర్ఫావారికైనా, మన ఊరి డప్పు కళాకారునికైనా ఆ చేతులే జీవనాధారం. ఒక్క నిమిషపు రికార్డుతో ఆ చేతులకు పని లేకుండా చేస్తే, రేపు రికార్డు చేయడానికి క్రొత్త దరువు ఎక్కడి నుండి వస్తుంది?

ఈ నెలలోనే మీ ఇంటి యౌవనస్థుని, అతని ఫోనుతో సహా, మీ ఊరి పాత వాద్యకారుని యొద్దకు తీసికొని వెళ్ళండి. ఫోను శృతి పట్టుకొని ఉండగా ఆయన చేతి లయను అతడు నేర్చుకొనును గాక.