విత్తనమునకు తగిన నేల

1994 జూన్ 21వ తేదీన డల్లాస్ నగరమున నైజీరియా బల్గేరియాతో ఆడుచుండెను. బంతిని గోలులోనికి నెట్టిన రషీది యెకిని వలలోనికి రెండు చేతులును చొనిపి బిగ్గరగా కేకలు వేసెను. ప్రపంచ కప్ ఫుట్‌బాల్‌లో అతని దేశమునకు అదియే మొట్టమొదటి గోలు.

ఆ కేక వెనుక సుదీర్ఘమైన ప్రయాణము కలదు. 1963లో కడూనాలో జన్మించిన యెకిని, ఇబాదాన్‌లోని షూటింగ్ స్టార్స్ జట్టునను, ఐవరీ కోస్టునందలి ఆఫ్రికా స్పోర్ట్స్ జట్టునను ఆరితేరి, 1990లో పోర్చుగల్ రేవు పట్టణమగు సెటూబల్ చేరెను. అచటి విటోరియా జట్టు చిన్నది. మరుసటి యేడే రెండవ శ్రేణికి దిగజారెను. యెకిని దానిని విడువలేదు. 1993లో జట్టు తిరిగి పై శ్రేణి కెక్కెను. 1993–94లో అతడు 21 మార్లు గోలు చేసి ఆ దేశపు ఆటగాండ్రలో ప్రథముడయ్యెను. 1993 సంవత్సరపు ఆఫ్రికా ఉత్తమ ఆటగాడను గౌరవము అతనిని వరించెను. దాని నందిన తొలి నైజీరియను అతడే.

పిదప గ్రీసులోని పేరుమోసిన ఒలింపియాకోస్ పిలిచెను. అచట గాయము బాధించెను, పొత్తు కుదరలేదు. స్పెయిన్‌లోని హిహోన్ జట్టులోను అదృష్టము కలిసిరాలేదు. 1997లో అతడు మరల సెటూబల్‌నే ఆశ్రయించెను. తరువాత స్విట్జర్లాండు, ట్యునీషియా మున్నగు దేశములు తిరిగి, స్వదేశము చేరి, నలువది దాటిన పిదప 2005లో సయితము గేట్‌వే జట్టున ఆడెను. 2012 మే 4వ తేదీన కన్నుమూసెను.

విత్తనమెంత మేలైనను నేల కుదరవలెను. గొప్ప పేరుగల జట్లలో వాడిన ఆ మొక్క, తనను ఆదరించిన చిన్న పట్టణమున మహావృక్షమయ్యెను. తరగతిలో వెనుకబడినాడని ఒక బాలుని త్రోసిపుచ్చుటకు ముందు మనము తలపోయవలసిన సంగతి యిది.