చిన్నమ్మ పోయిన దుఃఖం కూడా దుఃఖమే

కన్నతల్లి పోతే ఊరు ఊరంతా వచ్చి పలకరిస్తుంది. పెంచిన సవతి తల్లి పోతే? "ఎంతైనా కన్నది కాదు కదా, ధైర్యం తెచ్చుకో" అని రెండు ముక్కలు చెప్పి వెళ్లిపోతారు. ఆఫీసులో నాలుగు రోజులు సెలవు అడగటానికి కూడా నోరు రాదు. మారుతండ్రి పోయినా ఇంతే. ఏడవాల్సినంత ఏడవలేక, చెప్పుకోవాల్సినంత చెప్పుకోలేక మనిషి లోలోపలే కుమిలిపోతాడు. కొన్నాళ్లకు తలనొప్పి అనీ, గ్యాసు అనీ, నిద్ర పట్టటం లేదనీ డాక్టరు దగ్గరకు వెళతాడు. మాత్రలు మారుతుంటాయి గాని బాధ మారదు.

ఒక ఉదాహరణ చూద్దాం. మీది వేంపల్లె అనుకోండి. మీకు ఆరేళ్లప్పుడు అమ్మ పోయింది. ఏడాది తిరిగాక మీ నాయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. వచ్చినామెను మీరు "చిన్నమ్మా" అని పిలిచారు. ఆ ఇంటికి ఆనవాయితీలు పెట్టింది ఆవిడే. శ్రావణమాసంలో ఒక శనివారం అందరినీ గండి వీరాంజనేయస్వామి దర్శనానికి తీసుకుపోయి, పాపాఘ్ని ఒడ్డున సద్దిమూట విప్పి చిత్రాన్నం పెట్టేది. ఆదివారం రాత్రి రాగి సంగటి, ఊరిబిండి చేసి, ఎవరెంత ఆలస్యంగా వచ్చినా అందరూ కలిసే తినాలని పట్టుపట్టేది. మీ కన్నతల్లి తిథి నాడు, ఆమె ముచ్చట్లు జేజిని అడిగి తెలుసుకుని మరీ మీకు చెప్పేది. ఇప్పుడు ఆ చిన్నమ్మ లేదు. మళ్లీ శ్రావణం వచ్చింది. ఊళ్లో వాళ్లు గండికి బయలుదేరుతుంటే మీకు అన్నం సయించదు, రాత్రి నిద్ర రాదు. ఇది జబ్బా? కాదు, దుఃఖం. దానికి తగిన చోటు దొరకలేదు, అంతే.

ఏడ్చే హక్కు

అమెరికాలో కెన్నెత్ డోకా అనే పండితుడు 1989లో ఇలాంటి దుఃఖం మీద ఒక పుస్తకం వెలువరించాడు. నష్టం నిజమే అయినా, దానికి ఏడ్చే హక్కు నీకుందని లోకం ఒప్పుకోకపోతే, అందవలసిన ఓదార్పు అందదు. అందుచేత బాధ మరింత బరువవుతుంది. ఆయన చెప్పిన సంగతి ఇదే.

మన పెద్దలు ఈ హక్కును ఏనాడో ఇచ్చారు. మహాలయ పక్షంలో తర్పణాలు వదిలేటప్పుడు చెప్పే వరసలో "సాపత్నీమాత" కూడా ఉంది. అంటే సవతి తల్లి. సవతి తల్లి అనగానే మనకు కైక గుర్తుకొస్తుంది గాని, కుంతి ఎందుకు గుర్తుకు రాదు? మాద్రి తన కవలలను కుంతి చేతుల్లోనే పెట్టి వెళ్లిపోయింది. పాండవులు అడవికి బయలుదేరినప్పుడు కుంతి ద్రౌపదికి ప్రత్యేకంగా అప్పగింతలు పెట్టింది తాను కన్నవాళ్లను గురించి కాదు, మాద్రి కొడుకు సహదేవుణ్ణి గురించి. చట్టం కూడా అంతే. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం తల్లిదండ్రులంటే ఎవరో చెబుతూ సవతి తల్లినీ, మారుతండ్రినీ స్పష్టంగా చేర్చింది.

ఒంటి మీద ప్రభావం

దుఃఖం మనసుతో ఆగదు. ఆకలి మందగిస్తుంది, నిద్ర చెదురుతుంది. రక్తపోటు, షుగరు ఉన్నవారు మాత్రలు మరిచిపోతారు. తీవ్రమైన మనోవ్యధలో గుండె కండరం హఠాత్తుగా బలహీనపడే స్థితి కూడా ఒకటుంది. జపాన్ వైద్యులు 1990లో దీనిని వర్ణించి, ఆక్టోపస్‌లను పట్టే కుండ పేరుతో "టకోట్సుబో" అన్నారు. ముట్లుడిగిన స్త్రీలలో ఇది ఎక్కువ. చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు. కాని ఇదీ, మామూలు గుండెపోటూ పైకి ఒకేలా ఉంటాయి. కనుక ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే "దిగులు వల్లలే" అని సరిపెట్టుకోకండి. వెంటనే 108కు ఫోన్ చేయండి.

ఆనవాయితీయే ఆసరా

కుటుంబ అలవాట్ల మీద 50 ఏళ్లుగా జరిగిన పరిశోధనలను అమెరికాలో బార్బరా ఫీజే బృందం 2002లో సమీక్షించింది. కలిసి భోంచేయడం, పండుగలు చేసుకోవడం వంటివి పిల్లల ఆరోగ్యానికీ, ఇంటివాళ్ల మనశ్శాంతికీ తోడ్పడతాయని తేలింది.

అబ్రహాం లింకన్ సంగతి చూడండి. 1818లో కన్నతల్లి పోయేనాటికి ఆయనకు తొమ్మిదేళ్లు. మరుసటి ఏడాది సారా బుష్ జాన్‌స్టన్ అనే వితంతువు తన ముగ్గురు పిల్లలతో ఆ ఇంటికి వచ్చింది. తనకు చదువు రాకపోయినా, తెచ్చిన సామానులో పుస్తకాలు ఉన్నాయి. పిల్లవాడు చదువుకుంటుంటే అడ్డు రానిచ్చేది కాదు. 1861లో అధ్యక్ష పదవి చేపట్టడానికి వాషింగ్టన్ వెళ్లే ముందు లింకన్ పనిగట్టుకుని వెళ్లి ఆ తల్లిని చూసి వచ్చాడు.

మీరేం చేయాలి?

1. "మా అమ్మ పోయింది" అనండి. వరస వివరించనక్కరలేదు.

2. ఆవిడ పెట్టిన అలవాట్లలో ఒక్కటైనా నిలపండి. బెంగుళూరులోనో, కువైట్‌లోనో ఉండి గండికి రాలేకపోతే, ఆ శనివారం అక్కడే చిత్రాన్నం కలిపి ఇంటికి ఫోన్ చేయండి. ఇద్దరు తల్లుల పిల్లలూ కలిసి చేస్తే మరీ మంచిది.

3. షుగరున్నవారు రాగి కదా అని లెక్క లేకుండా తినకూడదు. సంగటిలో బియ్యం కూడా ఉంటుంది. ముద్ద చిన్నది చేసి, ఆకుకూర పప్పు ఎక్కువ వేసుకోండి. ఆనవాయితీ కలిసి తినడంలో ఉంది గాని, ముద్ద పరిమాణంలో లేదు.

4. చిన్నపిల్లలకు "అవ్వ ఊరికి పోయింది" అని చెప్పకండి. రోజూ ఎదురు చూస్తారు. చనిపోయిందని, ఇక రాదని మెల్లగా నిజమే చెప్పండి.

5. ఒంటరిగా మిగిలిన మీ నాయన రెండోసారి భార్యను పోగొట్టుకున్నాడని మరవకండి. ఆయన భోజనం, మాత్రలు, నిద్ర కనిపెట్టి చూడండి.

6. ఆమె మీద ప్రేమతో పాటు పాత కోపాలూ గుర్తుకు రావచ్చు. అదీ సహజమే. నమ్మకమైన వారితో చెప్పుకోండి.

సాధారణంగా నెలలు గడిచేకొద్దీ దుఃఖం నెమ్మదిస్తుంది. ఆరు నెలలు దాటినా పని చేసుకోలేనంత తీవ్రంగా ఉంటే, అది చికిత్స అవసరమైన స్థితి కావచ్చునని 2022లో అమలుకు వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల పట్టిక చెబుతోంది. అప్పుడు జిల్లా పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి. 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక, చిన్నమ్మ చల్లగా బతికే ఉన్నవారికి ఒక మాట. ఊరిబిండిలో ఆవిడ ఏమేమి వేస్తుందో, ఎంతెంత వేస్తుందో ఈ వారమే పక్కన కూర్చుని అడిగి రాసుకోండి.