గాజు నాలుక

నిమ్మరసం పుల్లగా ఉందని నాలుక చెబుతుంది. ఎంత పులుపో చెప్పమంటే దాని దగ్గర జవాబుండదు. 1934లో కాలిఫోర్నియా పండ్లతోటల రైతుల సంఘానికి కావలసింది ఆ 'ఎంత' అన్నదే. సన్‌కిస్ట్ అన్న పేరుతో లోకానికి తెలిసిన సంఘమది. అమ్ముడుపోని నిమ్మకాయలను పిండి వాళ్లు సిట్రిక్ ఆమ్లం, పెక్టిన్ తీసేవారు. రసం చెడకుండా సల్ఫర్ డయాక్సైడ్ కలిపేవారు. తీరా పులుపు కొలవబోతే ఆ వాయువే అడ్డుపడింది. లిట్మస్ కాగితం రసంలో పెడితే రంగు వెలిసిపోయేది. ప్లాటినం ముక్క మీదుగా హైడ్రోజన్ బుడగలు పోనిచ్చి కొలిచే ఎలక్ట్రోడ్ ఒకటి అప్పటికి ప్రామాణికం. సల్ఫర్ తగిలితే అదీ పనికిరాకుండా పోయేది.

మిగిలింది గాజు. పొరంత పల్చటి గాజు బుడ్డికి లోపలొక ద్రవం, బయటొక ద్రవం ఉండి, ఆ రెంటి ఆమ్లత్వం వేరైతే గాజుకు రెండు వైపులా వోల్టేజీ తేడా పుడుతుందని 1906లో మాక్స్ క్రెమర్ చూశాడు. 1909లో ఫ్రిట్జ్ హేబర్, అతని దగ్గర పనిచేస్తున్న క్లెమెన్సీవిచ్ కలిసి దాన్ని కొలత సాధనంగా మలిచారు. గాలిలోని నైట్రోజన్ నుంచి అమోనియా తీసి ఎరువుల చరిత్రను మార్చిన హేబరే ఈయన. ఆ ఏడాదే కోపెన్‌హేగన్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో పనిచేస్తున్న సోరెన్‌సన్, ఎంజైముల మీద పరిశోధన చేస్తూ, సున్నాల వరస రాసుకోవడం విసుగై పీహెచ్ అన్న కొలమానం పెట్టాడు. లీటరులో హైడ్రోజన్ అయాన్ల లెక్క పదో వంతుకు తగ్గితే పీహెచ్ ఒకటి పెరుగుతుంది. పీహెచ్ 8 ఉన్న నీటికీ 9 ఉన్న నీటికీ తేడా ఒకటి కాదు, పది రెట్లు. ఈ సంగతి మరిచిపోయి మాట్లాడేవాళ్లే ఎక్కువ.

అలా కొలమానం వచ్చింది, గాజూ వచ్చింది. అయినా పాతికేళ్లు ఆ పద్ధతి ప్రయోగశాల గడప దాటలేదు. కారణం గాజు స్వభావమే. దాని విద్యుత్ నిరోధం కోట్ల ఓముల్లో ఉంటుంది. పుట్టిన వోల్టేజీని గాల్వనోమీటరుతో చూద్దామంటే, ఆ సూదిని కదిలించడానికి కావలసినంత కరెంటు గాజులోంచి రాదు. నిరోధం తగ్గాలని గాజును ఇంకా పల్చగా ఊదితే ముట్టుకుంటే పగిలేది. సంఘంలో రసాయన శాస్త్రజ్ఞుడైన గ్లెన్ జోసెఫ్ ఈ బాధ పడలేక, కాల్‌టెక్‌లో పాఠాలు చెబుతున్న తన పాత సహాధ్యాయి ఆర్నాల్డ్ బెక్‌మన్ దగ్గరికి వెళ్లాడు.

బెక్‌మన్ ఇలినాయ్‌లో ఒక కమ్మరి కొడుకు. రసాయనం చదివాడు కానీ మధ్యలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసి వాక్యూమ్ ట్యూబుల మర్మం తెలుసుకున్నాడు. మీ చిక్కు రసాయనంలో లేదు, కొలిచే పెట్టెలో ఉందని అతను పట్టుకున్నాడు. గాజులోంచి కరెంటు దాదాపు లాగకుండా వోల్టేజీని మాత్రం చదివి పెంచే రెండు ట్యూబుల యాంప్లిఫయర్ కట్టి ఇచ్చాడు. ఇక బుడ్డి మందంగా, గట్టిగా ఉన్నా ఫరవాలేదు. రెండు మూడు నెలల తర్వాత జోసెఫ్ మళ్లీ వచ్చాడు, ఇంకొకటి కావాలని. మొదటిదాన్ని తోటి ఉద్యోగులు అతనికి మిగలనివ్వడం లేదట. సరుకుకు గిరాకీ ఉందని బెక్‌మన్‌కు తట్టింది అప్పుడే.

ఎలక్ట్రోడ్లు, బ్యాటరీలు, ట్యూబులు, డయలు అన్నీ ఒకే చెక్కపెట్టెలో అమర్చిన ఆ యంత్రం ఏడు కిలోల దాకా తూగేది. పేటెంటు 1936లో వచ్చింది. ధర 195 డాలర్లు, ఆర్థిక మాంద్యం రోజుల్లో చిన్న మొత్తం కాదు. ఎన్ని అమ్ముడుపోతాయో తెలుసుకుందామని బెక్‌మన్ దేశమంతా తిరిగితే, ఫిలడెల్ఫియాలో పేరున్న ఒక పరికరాల వ్యాపారి పదేళ్లలో ఆరు వందలు పోవచ్చన్నాడు. ఆ అంచనా ఎంత చిన్నదో త్వరలోనే తేలిపోయింది. పీహెచ్ మీటరుతో నిలదొక్కుకున్న బెక్‌మన్ కంపెనీయే తర్వాత 1956లో విలియం షాక్లీ ట్రాన్సిస్టర్ల ప్రయోగశాలకు డబ్బు పెట్టింది. సిలికాన్ వ్యాలీ కథలో మొదటి పుటలు ఆ ప్రయోగశాలవే. మరి కొన్నేళ్లకు, కరెంటు లాగకుండా వోల్టేజీ చదవగల సిలికాన్ ట్రాన్సిస్టర్లు వచ్చి బెక్‌మన్ పెట్టెను పెన్నంత చేశాయి. నిమ్మరసం పెట్టిన పెట్టుబడి ఇలా తిరిగొచ్చిందని చెప్పుకోవచ్చు.

పెట్టె చిన్నదైంది కానీ గాజు మారలేదు. ఇవాళ చేతిలో పట్టే మీటరు చివర ఉన్న బుడ్డి చేసే పని 1906 నాటిదే. తెర మీద 7.42 అని కనిపిస్తే అది నీటిలోంచి నేరుగా వచ్చిన అంకె అనుకుంటాం. నీటిలోంచి వచ్చింది మైనస్ 25 మిల్లీవోల్టులు మాత్రమే. ఇన్ని మిల్లీవోల్టులంటే ఇంత పీహెచ్ అని మీటరుకు నేర్పింది మనం, క్యాలిబ్రేషన్ చేసినప్పుడు. నేర్పకపోతే అది ఫ్యాక్టరీలో విన్న పాఠమే చెబుతుంది. తప్పుగా నేర్పితే రెండు దశాంశాల దాకా ఎంతో నమ్మకంగా తప్పు చెబుతుంది.

నేర్పేది బఫర్ ద్రావణాలతో. పీహెచ్ ఇంత అని ముందే తెలిసి, కాస్త మురికి కలిసినా మారని ద్రావణాలవి. మన ల్యాబుల్లో ఎక్కువగా 4, 7, 9.2 బఫర్ మాత్రలు వాడతారు, ఒక్కోటి 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి. ముందు 7తో మొదలుపెట్టడంలో అర్థముంది. బుడ్డి లోపలి ద్రవం కూడా పీహెచ్ 7 దగ్గరిదే కనుక బయటా 7 ఉంటే వోల్టేజీ సున్నా దగ్గర ఉండాలి. ముప్పై మిల్లీవోల్టులకు మించి పక్కకు పోతే ఎలక్ట్రోడ్‌కు ఏదో అయిందన్నమాట. తర్వాత రెండో బఫర్. 25 డిగ్రీల వేడిలో ఒక పీహెచ్‌కు 59.16 మిల్లీవోల్టులు రావాలి, అంటే 7 నుంచి 4కు మొత్తం 177. మీ ఎలక్ట్రోడ్ 168 ఇస్తే స్లోప్ 95 శాతం, పని నడుస్తుంది. 150 ఇస్తే 85 శాతం. శుభ్రం చేసినా పెరగకపోతే మార్చాల్సిందే.

ఒక్క 7 బఫర్‌లోనే ముంచి, అంకె సరిచేసి, క్యాలిబ్రేషన్ అయిపోయిందనే అలవాటు చాలాచోట్ల ఉంది. అంతకంటే అసలు చెయ్యకపోవడం నయం. బుడ్డి సన్నగా చిట్లిపోయినా లోపలి ద్రవం, బయటి ద్రవం కలిసి వోల్టేజీ సున్నా దగ్గరే ఉంటుంది, మీటరు 7 అనే చూపిస్తుంది. రెండో బఫర్‌లోనూ ఇంచుమించు అదే అంకె వచ్చినప్పుడు కదా దొంగతనం బయటపడేది! ఇంకొకటి, కొలవబోయే నీళ్లు ఏ రెండు బఫర్ల మధ్య పడతాయో ఆ రెండే వాడాలి. రొయ్యల చెరువు పీహెచ్ సాధారణంగా 7.5 నుంచి 8.5 దాకా ఆడుతుంది. దానికి 7, 4 బఫర్లతో నేర్పి పంపితే మీటరు తనకు తెలియని ఊళ్లో దారి చెబుతున్నట్టే.

వేడి సంగతి మన ప్రాంతాల్లో మరీ ముఖ్యం. గాజు ఇచ్చే వోల్టేజీ ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. 40 డిగ్రీల దగ్గర పీహెచ్‌కు 62 మిల్లీవోల్టులకు పైనే వస్తాయి. మీటరులో ఉన్న ఉష్ణోగ్రత సవరణ దీన్ని సరిచేస్తుంది, దీన్ని మాత్రమే. బఫర్ పీహెచ్ కూడా వేడితో మారుతుందన్నది అది అన్నివేళలా చూసుకోదు. 25 డిగ్రీల దగ్గర 9.18 ఉన్న బఫర్ 40 దగ్గర 9.07. మంచి మీటర్లలో ఆ పట్టిక లోపలే ఉంటుంది, చవక పెన్నుల్లో చాలావాటికి ఉండదు. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారులోంచి బఫర్ సీసా తీసి అక్కడికక్కడే క్యాలిబ్రేట్ చేసేవాళ్లు సీసా మీదున్న పట్టిక ఒకసారి చూసుకోవడం మంచిది. వాడిన బఫర్ మళ్లీ సీసాలో పొయ్యకూడదు. క్షార బఫర్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మెల్లగా దిగిపోతుంది, మూత తీసి ఉంచడమూ కూడదు.

శుభ్రత పేరుతో జరిగే హింస ఇంకొకటి. బుడ్డిని చొక్కా అంచుతోనో టిష్యూతోనో రుద్ది తుడుస్తారు. గాజు పై పొరలో నీరు ఇంకి ఏర్పడే మెత్తటి పొర ఒకటి ఉంటుంది. అయాన్ల ఇచ్చిపుచ్చుకోవడం జరిగేది అక్కడే. రుద్దితే ఆ పొర చెడుతుంది, పైగా గాజు మీద స్థిర విద్యుత్తు చేరి అంకె ఊగుతుంది. టిష్యూ అంచుతో చుక్కను అద్ది తీస్తే చాలు. దాచేటప్పుడు డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి ఉంచడం అంతకన్నా పెద్ద తప్పు. పక్కనే పోలిక కోసం ఉండే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌లోని పొటాషియం క్లోరైడ్ ఆ నీటిలోకి కారిపోతుంది. మూతలో మూడు మోలార్ల పొటాషియం క్లోరైడ్ ద్రావణం నాలుగు చుక్కలు వేసి ఉంచాలి. ఎండిపోయిన ఎలక్ట్రోడ్‌ను పారెయ్యక్కర్లేదు, అదే ద్రావణంలో కొన్ని గంటలు నానబెడితే తరచూ కోలుకుంటుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, కొన్ని నీళ్లను సీసాలో పట్టి ల్యాబ్‌కు పంపితే దారిలోనే మారిపోతాయి. భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో తెల్లవారుజామున పీహెచ్ తక్కువగా, మధ్యాహ్నం దాటాక ఎక్కువగా ఉంటుంది. పగలు నీటిలోని నాచు, పాచి కార్బన్ డయాక్సైడ్ తినేస్తాయి, రాత్రి వదులుతాయి. ఉదయం, సాయంత్రం తేడా అర పాయింటు దాటితే రైతు కంగారు పడతాడు, పడాలి కూడా. 30 డిగ్రీల మంచినీటిలో పీహెచ్ 8 ఉంటే మొత్తం అమోనియాలో విషపు రూపం ఏడెనిమిది శాతమే. 9కి ఎక్కితే నలభై శాతం దాటుతుంది. చెరువులో మేత, వ్యర్థం ఏమీ పెరగకుండానే రొయ్యకు విషం ఐదారు రెట్లు పెరిగిందన్నమాట. ఆ అంకె గట్టు మీద చూడాలి, మర్నాడు ల్యాబ్ రిపోర్టులో కాదు.

మళ్లీ గాజు దగ్గరికి వద్దాం. దానికొక పాత లోపం ఉంది. క్షారం బాగా ఎక్కువై, హైడ్రోజన్ అయాన్లు మరీ తగ్గిపోయి, నీటిలో సోడియం దండిగా ఉంటే గాజు ఆ సోడియాన్ని చూసి హైడ్రోజన్ అనుకుంటుంది. ఉన్నదానికన్నా తక్కువ పీహెచ్ చూపిస్తుంది. ఏళ్ల తరబడి దీన్ని తగ్గించే గాజు మిశ్రమాల కోసం వెతికారు. 1957లో ఐజెన్‌మన్, మరి ఇద్దరు కలిసి ఎదురు దారి పట్టారు. లోపాన్ని తగ్గించే బదులు పెంచి, సోడియాన్నే కొలిచే గాజు చేశారు. అయాన్ మీటరు వంశంలో పెద్దకొడుకు ఇదే. తర్వాత గాజే అక్కర్లేదని తేలింది. ఏదో ఒక అయాన్‌ను మాత్రమే గుర్తుపట్టే పొర ఏదైనా సరిపోతుంది. పొటాషియం, నైట్రేట్, కాల్షియం పొరలు ఇలాగే వచ్చాయి. వాటిలో కొన్ని ఇప్పుడు చేతి మీటర్ల చివర బల్లపరుపు సెన్సర్లుగా ఉన్నాయి, ఆకు కాడ పిండిన రసం నాలుగు చుక్కలు వేస్తే చాలు.

మన కథకు దగ్గరిది ఫ్లోరైడ్. 1966లో మార్టిన్ ఫ్రాంట్, జేమ్స్ రాస్ లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికాన్ని ఎలక్ట్రోడ్‌గా వాడవచ్చని చూపించారు. దాంట్లో కొంచెం యూరోపియం కలిపితే స్ఫటికంలో ఖాళీలు ఏర్పడతాయి. ఆ ఖాళీల్లోంచి ఫ్లోరైడ్ అయాన్లు మాత్రమే గెంతుకుంటూ పోతాయి. అంతకు దాదాపు ముప్పై ఏళ్ల కిందటే, 1937లో, షార్ట్, పండిట్, రాఘవాచారి అప్పటి నెల్లూరు జిల్లాలో ఎముకలు బిగుసుకుపోయే జబ్బుకు బావి నీటిలోని ఫ్లోరైడే కారణమని ప్రచురించారు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లావే. నల్గొండ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక నీటిశుద్ధి విధానానికే ఆ పేరు స్థిరపడింది. జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) రూపొందించిన నల్గొండ విధానంలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, అడుగున పేరుకున్న మడ్డితో పాటు ఫ్లోరైడ్‌ను తీసేస్తారు.

ఫ్లోరైడ్ మీటరుకు ఇంకా కఠినమైన క్రమశిక్షణ కావాలి. పీహెచ్ లాగరిథమ్ కనుక చిన్న తప్పులు అందులో దాక్కుంటాయి. ఇక్కడ లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని తీసి చెప్పాలి, ఒక్క మిల్లీవోల్టు అటూ ఇటూ అయితే జవాబులో నాలుగు శాతం తేడా. మన దేశపు ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా. అందుకని 1, 10 మిల్లీగ్రాముల ప్రామాణిక ద్రావణాలతో, నమూనా ఉన్న ఉష్ణోగ్రతలోనే, పలచనిదానితో మొదలుపెట్టి నేర్పాలి.

చిక్కంతా పటికతో. పటికలోని అల్యూమినియం ఫ్లోరైడ్‌ను గట్టిగా పట్టుకుంటుంది. ఎలక్ట్రోడ్‌కు విడిగా తిరిగే ఫ్లోరైడ్ తప్ప మరొకటి కనపడదు. పటికతో శుద్ధి చేసిన నీటిలో కొంత అల్యూమినియం మిగిలి ఉంటే, దాని పట్టులో ఉన్న ఫ్లోరైడ్ మీటరు లెక్కలోకి రాదు. శుద్ధి బాగా జరిగినట్టు అంకె చూపిస్తుంది, గ్లాసులో ఫ్లోరైడ్ ఉండనే ఉంటుంది. దీనికి విరుగుడు టిసాబ్ అనే ద్రావణం. అది అల్యూమినియాన్ని తాను పట్టుకుని ఫ్లోరైడ్‌ను విడిపిస్తుంది, పీహెచ్‌ను ఐదు, ఐదున్నర మధ్య నిలుపుతుంది, ఉప్పుల బలాన్ని అన్ని సీసాల్లోనూ ఒకటి చేస్తుంది. నమూనాకు ఎంత పోస్తే ప్రామాణిక ద్రావణాలకూ అంతే పొయ్యాలి, సాధారణంగా సమపాళ్లలో. పోసి, కలియబెట్టి, అంకె కదలడం ఆగిందాకా ఓపిక పట్టి చూస్తే అసలు లెక్క వస్తుంది. అప్పుడు కూడా 1.5 దాటితే ఆ నీళ్లను మళ్లీ శుద్ధికి పంపాల్సిందే.