నలుపున మెరయు వెండి

హైదరాబాదు నగరమునకు దక్షిణమున శంషాబాదు కలదు. 2008వ సంవత్సరమున అచట విమానాశ్రయము వెలసినది. ఆ దారిని వచ్చిపోవు యాత్రికులు ఈ సీమ గుర్తుగా కొనిపోవు వస్తువులలో బిద్రీ పాత్ర యొకటి. కాటుకవంటి లోహముపై వెండి తీగలు మెరయుచుండును. చూచినవారు ఆ నలుపును రంగుపూత యని భ్రమింతురు. అది పూత కాదు. మట్టి చేసిన మార్పు.

బహమనీ సుల్తానుల రాజధానియైన బీదరు ఈ కళకు పుట్టినిల్లు. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమునందుండిన ఆ పట్టణము నేడు కర్ణాటకమున నున్నది. హైదరాబాదునందును ఈ పనివారు కలరు. సాలార్‌జంగ్ మ్యూజియమున ప్రాచీనమైన బిద్రీ పాత్రలను చూడవచ్చును.

సుమారు పదునారు పాళ్లు తుత్తునాగమునకు ఒక పాలు రాగి చేర్చి, కరగించి, మట్టి మూసలో పోయుదురు. పాత్రను నునుపుచేసి, మైలుతుత్తపు నీటితో తాత్కాలికముగా నల్లబరచి, వాడియైన మొనతో లతలను, పూవులను గీయుదురు. ఆ గీతల వెంబడి ఉలితో సన్నని గాళ్లు చెక్కి, వెండి తీగను అందులో నుంచి సుత్తితో మెల్లగా కొట్టుదురు. అతుకు లేకయే తీగ గాడిలో బిగిసిపోవును.

పిమ్మట పాత్రను మరల రుద్దగా తాత్కాలికమైన నలుపు పోవును. అపుడు లోహమును తెల్లగనే యుండుటచే వెండిపని కంటికి స్పష్టముగా కానరాదు. పలుదినముల శ్రమ ఫలించుట ఇక మట్టిపై ఆధారపడియుండును. బీదరు కోటలో ఎండవానలు సోకని చోటులనుండి తెచ్చిన మట్టిని పనివారు నాలుకతో రుచి చూచి యెంచుకొందురు. దానిని నవాసాగరముతో నీట మరగించి, వేడిచేసిన పాత్రకు పట్టింతురు. లోహము నల్లబడును, వెండికి మాత్రము మాసిక యంటదు.

జపానునందును లోహమున లోహమును పొదుగు కళ కలదు. దానిని జోగన్ అందురు. కుమామొతో సీమలో ఇనుముపై బంగారమును పొదిగి, ఇనుమునకు త్రుప్పు పట్టించి, తేయాకు నీటిలో ఉడికించి నలుపు తెప్పింతురు. 1876లో ఖడ్గధారణ నిషిద్ధము కాగా, కత్తుల అలంకరణతో జీవించిన పనివారు ఆభరణముల వైపు మరలిరి. యుద్ధానంతరము 1950లో జపాను చేసిన చట్టము, పురాతన వస్తువులతోపాటు చేతినేర్పును గూడ రక్షింపదగిన సంపదగా నెంచినది.

మన దేశమున బిద్రీకి 2006లో భౌగోళిక గుర్తింపు లభించినది. బీదరు కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీ 2023లో పద్మశ్రీ పొందెను. కాని వెండి వెల పెరుగుచుండగా, ఓర్పుతో నేర్వవలసిన యీ విద్యకు శిష్యులు దొరకుట సులభము కాదు. పాత్రను మ్యూజియము దాచగలదు. మట్టి రుచి నెరిగిన నాలుకను, ఉలి పట్టిన చేతిని దాచలేదు. అవి గురువునుండి శిష్యునకు అందవలసినదే.