పాత కారుకు కొత్త దారి!

ఇంజిన్ భేషుగ్గా ఉంది. బాడీ గట్టిగానే ఉంది. మనసేమో దాన్ని వదలనంటోంది. లేనిదల్లా దారి చూపే తెర ఒక్కటే! మరి అది పెట్టించాలంటే ఎవరి మాట వినాలి... దుకాణదారుదా? కారుదా?

విజయవాడలో ఓ రిటైర్డ్ హెడ్మాస్టారు. ఆయనకో మారుతీ 800. కొని పాతికేళ్లయింది. కూతురి పెళ్లి శుభలేఖలు పంచింది దాంట్లోనే. మనవణ్ని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకుందీ దాంట్లోనే. అమెరికాలో ఉండే కొడుకు 2009లో సెలవులకొచ్చినప్పుడు ఓ చిన్న జీపీఎస్ యంత్రం తెచ్చిచ్చాడు. అద్దానికి అంటించి స్విచ్ వేశారు. ఉపగ్రహాలు దొరికాయి. తెర మీద బాణం గుర్తు వచ్చింది. బాణం చుట్టూ మాత్రం... శూన్యం! ఎందుకంటే అందులో ఉన్న మ్యాపు అమెరికాది. బెంజిసర్కిల్ దాని లెక్కలో ఖాళీ మైదానం. దాంతో ఆ యంత్రం బీరువా ఎక్కేసింది.

అప్పట్లో అదో తమాషా. ఇప్పుడు కాదు. మాస్టారికి డెబ్భై దాటాయి. రాత్రిపూట రోడ్డు పక్క బోర్డులు చదవాలంటే దగ్గరికెళ్లాలి. దగ్గరికెళ్లేసరికి తిరగాల్సిన మలుపు దాటిపోతోంది. ఓసారి హైదరాబాద్ అవుటర్ రింగురోడ్డు మీద దిగాల్సిన చోట దిగలేకపోయారు. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద ఒక ఎగ్జిట్ తప్పితే వెనక్కి తిరగడానికి లేదు. తర్వాతి ఎగ్జిట్ దాకా పోవాల్సిందే.

‘ఆ కారు అమ్మేయండి నాన్నా’ అన్నాడు కొడుకు ఫోన్లో.

‘బండికేం కాలేదురా. నాకే దారి కనపడట్లేదు’ అన్నారాయన.

ఇలాంటి మాస్టార్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లకు కావాల్సింది కొత్త కారు కాదు, పాత కారుకు నప్పే నావిగేషన్. ఇక్కడ అసలు మాట ‘నప్పడం’. బండికి తగ్గ యంత్రాన్ని ఎంచుకోవాలే తప్ప, యంత్రం కోసం బండిని కోసుకోకూడదు.

పైసా ఖర్చు లేని సంకేతం

జీపీఎస్ వాడితే నెట్ అయిపోతుందని చాలామందికి భయం. నిజానికి ఉపగ్రహ సంకేతానికి పైసా కట్టక్కర్లేదు. భూమికి దాదాపు 20,200 కి.మీ. ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు నిరంతరం ఒకటే మాట చెబుతుంటాయి: ‘నేనిక్కడున్నాను, నా గడియారంలో టైమింతయింది’ అని. ఆ మాట మన యంత్రానికి చేరడానికి ఎంతసేపు పట్టిందన్నదాన్ని బట్టి దూరం తెలుస్తుంది. అలా కనీసం నాలుగు ఉపగ్రహాలు దొరికితే మనమెక్కడున్నామో తేలిపోతుంది. అచ్చంగా రేడియో వినడం లాంటిదే. నెట్ కావాల్సింది మ్యాపు దించుకోవడానికీ, ముందు ట్రాఫిక్ ఎలా ఉందో తెలుసుకోవడానికీ మాత్రమే.

అమెరికా సైన్యం కోసం పుట్టిన ఈ వ్యవస్థలో తొలి ఉపగ్రహం 1978లో పైకెళ్లింది. చాలాకాలం మామూలు జనానికిచ్చే సంకేతంలో కావాలనే కొంత తప్పు కలిపేవారు. 2000 మే నెలలో ఆ పని మానేశారు. కార్లలో నావిగేషన్ ఊపందుకున్నది ఆ తర్వాతే. మన దేశంలోనూ ఆ దశాబ్దంలోనే మ్యాప్‌మైఇండియా, హైదరాబాద్‌కు చెందిన శాట్‌గైడ్ లాంటివి మన రోడ్లతో నావిగేషన్‌ను తెచ్చాయి.

ఇప్పుడు ఆకాశంలో జీపీఎస్ ఒక్కటే లేదు. రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ ఉన్నాయి. మన నావిక్ తొలి ఉపగ్రహం 2013 జులై 1న శ్రీహరికోట నుంచే వెళ్లింది. అయితే నావిక్ మొదటి తరం ఉపగ్రహాల్లో కొన్నింటి అణు గడియారాలు మొరాయించాయి. అందుకే డబ్బా మీద ఏదో ఒక పేరు చూసి మురిసిపోకుండా, రెండు మూడు వ్యవస్థల సంకేతాల్ని కలిపి పట్టుకునే యంత్రాన్ని తీసుకోవడం మేలు. ఎత్తయిన భవనాల మధ్య ఒకటి దొరక్కపోయినా మరొకటి ఆదుకుంటుంది.

మార్గాలు నాలుగు

పాత కారులో దారి చూపే ఏర్పాటు నాలుగు రకాలుగా చేసుకోవచ్చు.

మొదటిది, చేతిలో ఉన్న ఫోనే. ఓ గట్టి హోల్డరు, ఓ మంచి ఛార్జరు ఉంటే చాలు. మ్యాపు ఎప్పటికప్పుడు మారుతుంది. తెలుగులోనూ చెబుతుంది... గూగుల్ మ్యాప్స్ 2018లోనే తెలుగు గొంతు తెచ్చుకుంది. ఇబ్బందల్లా ఎండ. మే నెల మధ్యాహ్నం డ్యాష్‌బోర్డు మీద పెట్టిన ఫోను వేడెక్కి తెర మసకబారుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. ఏసీ గాలి తగిలే చోట పెట్టుకుంటే కొంత నయం.

రెండోది, డ్యాష్‌బోర్డు మీద నిలబెట్టే విడి తెర. ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే పనిచేసే ఈ తెరలకు కరెంటు సిగరెట్ లైటర్ సాకెట్ నుంచే వస్తుంది. అక్షరాలు పెద్దగా కనపడతాయి. పెద్దవాళ్లకు ఇది సుఖం. కానీ గుర్తుంచుకోండి, దీనికి సొంత తెలివి ఉండదు. మ్యాపు నడిచేది ఫోనులోనే. ఫోను ఇంట్లో మర్చిపోతే ఇది ఉత్త గాజుపలక!

మూడోది, స్టీరియో తీసేసి ఆ స్థానంలో పెట్టించే టచ్‌స్క్రీన్. చూడ్డానికి బాగుంటుంది, పాటలూ వస్తాయి. డబ్బుతోపాటు వైర్ల పనీ ఎక్కువే.

నాలుగోది, అచ్చంగా దారి చూపడానికే పుట్టిన పాతకాలం జీపీఎస్ యంత్రం. ఫోనుతో పనిలేదు, సిగ్నల్ లేని అడవిలోనూ పనిచేస్తుంది. అయితే కొనేముందు ఒకటే ప్రశ్న అడగాలి... ‘దీనికి మన దేశం మ్యాపు ఉందా? కొత్త మ్యాపులు ఇంకా ఇస్తున్నారా?’ జవాబు సరిగ్గా రాకపోతే బేరం వద్దు. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వస్తోందంటే మరీ జాగ్రత్త.

ముందు కారును అడగండి

ఏది తీసుకున్నా ముందు అడగాల్సింది దుకాణదారుని కాదు, కారును.

కరెంటు ఎంత? మన కార్లలో దాదాపు అన్నీ 12 వోల్టులవే. కానీ బాగా పాత బళ్ల సంగతి వేరు. 1960ల నాటి కొన్ని బ్రిటిష్ డిజైను కార్లలో బ్యాటరీ ప్లస్ వైరును బాడీకి కలిపేవారు. ఇప్పటి పరికరాలన్నీ మైనస్ బాడీకి ఉంటుందన్న లెక్కతో తయారైనవే. చూసుకోకుండా తగిలిస్తే యంత్రం కాలిపోవచ్చు. తాతగారి కాలం కారైతే ముందు ఎలక్ట్రీషియన్‌కు చూపించాల్సిందే.

చోటు ఎంత? స్టీరియో పట్టే గూటికి ప్రపంచమంతటా ఓ కొలత ఉంది. సింగిల్ డిన్ అంటే 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. డబుల్ డిన్ ఎత్తు 100 మిల్లీమీటర్లు. ఆ కాలపు చిన్నకార్లలో చాలావాటికి ఉండేది సింగిల్ గూడే. దాంట్లో డబుల్ పెట్టెను ఇరికించాలంటే డ్యాష్‌బోర్డు కోయాలి. ఒకసారి కోసిన డ్యాష్‌బోర్డు మళ్లీ అతుక్కోదు. పాత మోడల్‌కు కొత్తది దొరకడమూ కష్టమే. సింగిల్ పెట్టెకే ముందు పెద్ద తెర తగిలించిన రకాలున్నాయి. అవి ఏసీ గాలి రంధ్రాలకో, లైటు స్విచ్చులకో అడ్డం రాకుండా చూసుకోవాలి. గూటి లోతు కూడా టేపుతో కొలుచుకుని మరీ దుకాణానికెళ్లండి.

ఆకాశం కనపడుతుందా? టచ్‌స్క్రీన్‌కు అగ్గిపెట్టె సైజులో విడిగా ఓ యాంటెనా ఇస్తారు. నీటుగా ఉంటుందని దాన్ని డ్యాష్‌బోర్డు లోపల, ఇనుప రేకు కింద దాచేస్తుంటారు కొందరు. అక్కడికి సంకేతం అందదు. ముందద్దం కింద, ఆకాశం కనిపించేలా ఉండాలి.

వేగం వైరు ఉందా? కంపెనీ నుంచే నావిగేషన్‌తో వచ్చిన కార్లలో చక్రం ఎంత తిరిగిందో యంత్రానికి తెలుస్తుంది. సొరంగంలో సంకేతం పోయినా అది అంచనాతో దారి చూపగలదు. కేబుల్‌తో నడిచే స్పీడోమీటరున్న పాతకార్లలో ఆ వైరే ఉండదు. కాబట్టి అలాంటి సదుపాయం కోసం ఎక్కువ డబ్బు పెట్టడం దండగ.

వైరు దగ్గరే అసలు కథ

పాత కారుకు ప్రమాదం తెరతో కాదు, తెర వెనకాల పనితో. ఇరవై ఏళ్ల వైర్ల పైతొడుగు ఎండలకు పెళుసెక్కి ఉంటుంది. అలాంటిచోట ఓ వైరు మధ్యలో గీరి, మరో వైరు మెలిపెట్టి, పైన టేపు చుట్టేస్తే... అది ఎప్పుడో ఒకరోజు పొగ రూపంలో బయటికొస్తుంది.

విడిగా కొనే స్టీరియోల్లో పసుపు వైరుకు ఎప్పుడూ కరెంటు ఉండాలి. ఎర్రది తాళం తిప్పినప్పుడే వెలగాలి. నల్లది బాడీకి. పసుపు, ఎరుపు రెండూ కలిపి నేరుగా బ్యాటరీకి ఇచ్చేస్తే, బండి ఆపినా తెర కరెంటు తాగుతూనే ఉంటుంది. నాలుగు రోజులు కారు తీయకపోతే బ్యాటరీ డౌన్. అందుకే పాత వైర్లు కోయకుండా, ఆ మోడల్‌కు సరిపడే కప్లర్‌తో బిగించమనండి. సరైన ఫ్యూజు వేయించండి. తీసిన పాత స్టీరియో, దాని ఫ్రేము పారేయకుండా ఇంటికి తెచ్చుకోండి. విలువైన తెర పెట్టిస్తే ఇన్సూరెన్స్ పాలసీలోనూ రాయించుకోవాలి. రాయించకపోతే రేపు క్లెయిమ్‌లో దానికి డబ్బు రాకపోవచ్చు.

మ్యాపుకూ వయసుంటుంది

పాత యంత్రంలో పాత మ్యాపు ఉంటే ఏమవుతుంది? ఉదాహరణకు 2008 నాటి మ్యాపు తీసుకుంటే హైదరాబాద్-విజయవాడ రోడ్డు అందులో ఎన్‌హెచ్-9. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చారు. ఇప్పుడు దారి పొడవునా బోర్డుల మీద ఉండేది 65. అలాగే బెంగళూరు రోడ్డు 7 పోయి 44 అయింది. చెన్నై-కోల్‌కతా రోడ్డు 5 నుంచి 16కి మారింది. యంత్రం ఒకటి చెప్పి, బోర్డు ఇంకోటి చెబితే రాత్రివేళ మనిషి ఏది నమ్మాలి?

యంత్రం గడియారానికీ ఓ చిక్కుంది. జీపీఎస్ పాత సంకేతంలో వారాల లెక్క 1,024 దాటితే మళ్లీ సున్నాకొస్తుంది. 1999 ఆగస్టులోనూ, 2019 ఏప్రిల్‌లోనూ అలాగే జరిగింది. సాఫ్ట్‌వేర్ మార్చని కొన్ని పాత యంత్రాలు తేదీ తప్పు చూపడం మొదలెట్టాయి. సెకండ్‌హ్యాండ్ యంత్రం కొనేటప్పుడు ఆరుబయట ఆన్ చేసి తేదీ చూడండి. ఇరవై ఏళ్ల కిందటి తేదీ చూపిస్తే కారణమిదే కావచ్చు.

పాత సమాచారం ప్రాణాల మీదికి రావచ్చు కూడా. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర నావిగేషన్ చూసుకుంటూ వెళ్లిన కారు, వరదలో సగం కొట్టుకుపోయిన వంతెన మీది నుంచి రామ్‌గంగ నదిలో పడింది. ముగ్గురు చనిపోయారు. వంతెన తెగిన సంగతి మ్యాపుకు తెలియదు. రోడ్డును మూసేయాల్సినవాళ్లూ సరిగ్గా మూయలేదు. యంత్రం చెప్పేది సలహా మాత్రమే. ముందు కనిపించే రోడ్డే నిజం.

అలాగని భయపడక్కర్లేదు. దాని హద్దులు తెలిస్తే చాలు. హైదరాబాద్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కి.మీ. పొడవున్న పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్తున్నామో, దాని కింద వెళ్తున్నామో యంత్రం ఒక్కోసారి తేల్చుకోలేదు. శ్రీశైలం దారిలో నల్లమల అడవి వస్తే ఫోను సిగ్నల్ పోతుంది. మ్యాపును ఇంట్లోనే దించుకుని ఉంటే బాణం మాత్రం కదులుతూనే ఉంటుంది. రాత్రిపూట అటవీశాఖ గేట్లు మూసేస్తారన్న సంగతి మాత్రం మనమే గుర్తుపెట్టుకోవాలి.

చట్టం మాటేమిటంటారా? 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకొచ్చిన సవరణ ప్రకారం నడిపేటప్పుడు చేతి ఫోన్ల లాంటి పరికరాల్ని దారి చూసుకోవడానికే వాడొచ్చు. అదీ ఏకాగ్రత చెదరకుండా! అందుకే ఊరి పేరు బండి కదలకముందే కొట్టాలి. తెర రోడ్డుకు అడ్డం రాకూడదు.

కొనేముందు ఓసారి...

* బ్యాటరీ, డైనమో లేదా ఆల్టర్నేటర్ పరీక్ష చేయించారా?

* సాకెట్ పనిచేస్తోందా? వదులుగా ఉందా?

* గూటి వెడల్పు, ఎత్తు, లోతు రాసుకున్నారా?

* మన దేశం మ్యాపు ఉందా? కొత్తవి వస్తాయా?

* తెర మధ్యాహ్నం ఎండలో కనపడుతోందా? మాట ఇంజిన్ చప్పుడులో వినపడుతోందా?

* వద్దనుకుంటే గుర్తు కూడా లేకుండా తీసేయొచ్చా?

ఇంతకీ మాస్టారు ఏం చేశారు? ఆటోనగర్‌లో ఒకాయన డ్యాష్‌బోర్డు కోసి పెద్ద తెర పెడతానన్నాడు. వద్దన్నారు. వదులైన సాకెట్ మార్పించి, కొత్త ఫ్యూజు వేయించారు. హెడ్‌లైట్లు సరిచేయించారు. ఫోనుకు ఓ గట్టి హోల్డరు కొన్నారు. వెళ్లే దారి మ్యాపంతా ముందురోజే ఇంట్లో దించుకున్నారు. తెల్లారకముందే శ్రీమతితో కలిసి బయల్దేరి గుంటూరు, వినుకొండ మీదుగా దోర్నాల చేరారు. అక్కడ టీ తాగుతూ ఘాట్ ఎలా ఉందని కొట్టాయనను అడిగి, వెలుగుండగానే కొండెక్కారు. దారి ఫోను చెప్పింది. అది వినపడనప్పుడు పక్క సీట్లోంచి శ్రీమతి చెప్పారు.

అమెరికా యంత్రం ఇంకా బీరువాలోనే ఉంది. దాని లెక్కలో మాస్టారు ఇప్పటికీ ఆ ఖాళీ మైదానంలోనే ఉన్నారు!