రౌండు ద్వీపమందలి సర్పజాతులు

తెలుగువారికి పాము భయమును, భక్తియు కలిగించు ప్రాణి. నాగులచవితినాడు పుట్టలో పాలు పోసిన చేతులే, ఇంట పాము కనబడిననాడు కఱ్ఱ పట్టును. అయితే ఒక సర్పజాతి లోకమునుండి తొలగిపోవుటకు కఱ్ఱదెబ్బతో పనిలేదు. అది నివసించు నేల చెడిన చాలును. ఈ సత్యమును తెలుపు వృత్తాంతమొకటి హిందూమహాసముద్రమున, మారిషస్‌కు ఉత్తరముగా నున్న రౌండు ద్వీపమునందు జరిగినది.

మారిషస్ పేరు తెలుగువారికి క్రొత్తది కాదు. 19వ శతాబ్దమున, యానామునకు చేరువనున్న కోరంగి రేవునుండి ఎందఱో తెలుగువారు ఓడలెక్కి అచ్చటి చెఱకుతోటలలో కూలిపనికి పోయిరి. వారి సంతతివారు నేటికిని ఆ దేశమున కలరు.

ఓడలలో మనుష్యులే కాక పాములును ప్రయాణము చేసెను. నేడు మారిషస్ ప్రధాన ద్వీపమున కనబడు పాములు రెండు జాతులవి. రెండును ఆసియానుండి చేరినవే. అందొకటి, చూచుటకు కట్లపామును పోలి, విషము లేక, ఇండ్లలో దూరి బల్లులను పట్టితినునది. రెండవది వానపామంత సన్నని గుడ్డిపాము. పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు 1796లో ప్రకటించిన సర్పగ్రంథమున ఈ పామును, విశాఖపట్టణమున దొరికిన దానినిబట్టి, ‘రెండు తలల పాము’ అను తెలుగు పేరుతోనే వర్ణించెను. దాని తోక తలవలెనే మొద్దుగా నుండుట ఆ పేరునకు కారణము. మట్టిరంగుతో లావుగా నుండు మఱియొక పామును గూడ మనవారు ఈ పేరుతోనే పిలుతురు. అది వేఱు జాతి. రస్సెల్ వర్ణనను ఆధారముగా గొని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు డోదెన్ 1803లో గుడ్డిపామునకు శాస్త్రీయ నామము నొసగెను.

ఈ గుడ్డిపాములన్నియు ఆడువే. మగపాముతో పనిలేకయే ఇవి గ్రుడ్లు పెట్టును. పూలకుండీ మట్టిలో ఒక్క పాము దాగి చేరినను క్రొత్తదేశమున దాని వంశము నిలువగలదు. అందువలననే ఇది ఉష్ణదేశములన్నింట వ్యాపించినది. ఎచ్చట దింపిన అచ్చట బ్రతుకగల పాము ఇది.

దీనికి పూర్తిగా భిన్నమైనవి రౌండు ద్వీపపు పాములు. ఆ ద్వీపము మారిషస్ తీరమునకు సుమారు 22 కిలోమీటర్ల దూరమున, అగ్నిపర్వతమువలన పుట్టిన గుట్ట. విస్తీర్ణము సుమారు రెండు చదరపు కిలోమీటర్లు. ఎత్తు 280 మీటర్లు. అలలు విసురుగా కొట్టు నిటారు రాతిగట్లవలన పడవనుండి దిగుట కష్టము. ఈ కష్టమే ఆ పాములకు రక్షయైనది. పూర్వము ఇవి ప్రధాన ద్వీపమునను ఉండెను. నావికుల ఓడలతో వచ్చిన ఎలుకలు గ్రుడ్లను, పిల్లలను తినివేయుటయే వానికి అచ్చట నాశనహేతువని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. రౌండు ద్వీపమునకు మాత్రము ఎలుకలు చేరలేదు.

అచ్చట నిలిచిన జాతులు రెండు. ఒకటి గరుకుపొలుసుల బోయా. రెండవది నేలలో దూరి తిరుగు బోయా. రెండును విషము లేనివే. వీని పైదవడ యెముక ముందు భాగము, వెనుక భాగముగా రెండుగా విడివడి, నడుమ కీలువలె కదలును. వెన్నెముకగల ప్రాణులలో మఱి దేనికిని ఇట్టి దవడ లేదు. నున్నని గట్టి పొలుసులుగల నలికిరివంటి ప్రాణిని జాఱిపోకుండ పట్టుటకు ఈ యేర్పాటు తోడ్పడును. బోయాలలో పెక్కు జాతులు పిల్లలను కనును. గరుకుపొలుసులది గ్రుడ్లు పెట్టును. అందుచే పేరు బోయాయే యైనను శాస్త్రజ్ఞులు వీనిని ప్రత్యేక కుటుంబముగా గణింతురు.

19వ శతాబ్దమున మనుష్యులు ఆ ద్వీపమున మేకలను, కుందేళ్లను విడిచిరి. అవి పాముల జోలికి పోలేదు. మొలచిన ప్రతి మొక్కను కొఱికివేసెను. ముసలి చెట్లు కూలుచుండ వాని స్థానమున క్రొత్తవి లేవలేదు. వేళ్లపట్టు తప్పిన మట్టి, తుపానుల వానలకు కొట్టుకొనిపోయి సముద్రమున కలిసెను. పలుచోట్ల వట్టి రాయి మిగిలెను. నేడు మన తోటలలో ముచ్చటకై పెంచుకొను సీసా ఆకారపు తాళజాతి, అనగా బాటిల్ పామ్, ఈ ద్వీపపు చెట్టే. తన జన్మస్థానమున మాత్రము అది వ్రేళ్లపై లెక్కింపదగినన్ని చెట్లకు దిగిపోయెను.

మట్టి పోవుటతో, మట్టిలో దూరి బ్రతుకు బోయాకు ఇల్లు లేకపోయెను. 1975లో దానిని తుదిసారిగా చూచిరి. ఆ తరువాత ఎంత వెదకినను కనబడలేదు. ఆ జాతి నశించినదని నిర్ణయించిరి. గరుకుపొలుసుల బోయా తాళపుటాకుల గుబురులలోను, రాళ్లసందులలోను పగలు తలదాచుకొని, రాత్రి వేటాడునది గావున కొలదిగా మిగిలెను.

1976లో జంతుసంరక్షకుడును రచయితయునైన జెరాల్డ్ డరెల్ ఆ ద్వీపమును దర్శించెను. పిమ్మట కొన్ని పాములను జెర్సీ ద్వీపమందలి ఆయన జంతుశాలకు చేర్చి, అచ్చట గ్రుడ్లు పొదిగించి పిల్లలను పెంచిరి. అయితే పెంచిన పాములకు తిరిగి పోవుటకు చోటుండవలెను గదా! అందుచే రౌండు ద్వీపమునుండి 1979 నాటికి మేకలను, న్యూజీలండు నిపుణుల సాయమున 1986లో కుందేళ్లను పూర్తిగా తొలగించిరి. మొక్కలు లేచెను, వానితో పురుగులు, పురుగులతో నలికిరులు, నలికిరులతో పాములు పెరిగెను. 1996లో పెద్దపాములు 250కి లోపుగా లెక్కకు రాగా, నేడవి వేయికి మించినవి.

ఒక్క గుట్టపైననే జాతియంతయు నున్నచో ఒక్క ఉపద్రవమునకే అంతరింపవచ్చును. అందుచే గన్నర్స్ కోయిన్ అను మఱియొక చిన్న ద్వీపమును సిద్ధపఱచిరి. అచ్చటి ఎలుకలను తొలగించి, ముందుగా పాముల కాహారమైన నలికిరులను విడిచి, అవి వృద్ధిపొందిన పిమ్మట 2012లో పాములను విడిచిరి. ఈ వరుస గమనింపదగినది: మొదట శత్రువును తొలగించుట, తరువాత ఆహారమును సమకూర్చుట, తుదకు పామును చేర్చుట.

విశాఖపట్టణపు గుడ్డిపాము గుప్పెడు మట్టితో లోకమంతయు తిరిగినది. రౌండు ద్వీపపు పాము తన నేల చెడిన బ్రతుకలేదు. అట్టి జాతిని కాపాడుటయనగా దాని నేలను కాపాడుటయే. ఆ పని కాలము మించకముందే జరుగవలెను. రెండవ బోయా తుదిసారి కనబడిన 1975కును, కుందేళ్లు తొలగిన 1986కును నడుమ నున్నవి 11 సంవత్సరములే.