సైలెన్సరు లోపల ఏముంది?

పిల్లలూ! హంసలదీవి దారిలో రొయ్యలు మోసే చిన్న ట్రక్కు ఎప్పుడైనా ఉరుములా గర్జిస్తూ పోయిందా? ఉప్పుగాలికి తుప్పు పట్టిన సైలెన్సరును ఇంటి దగ్గరే విప్పి, మోత కోసం ఉత్త గొట్టం బిగించి ఉంటారు.

నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 1,800 చుట్లు తిరిగితే, సెకనుకు 60 సార్లు వేడి వాయువు గొట్టంలోకి దూకుతుంది. ఒక్కో దూకుడూ ఒక్కో చప్పుడన్నమాట. సైలెన్సరులో గదులు, చిల్లుల గొట్టాలు ఉంటాయి. శబ్ద తరంగాలు గోడలకు తగిలి వెనక్కి మళ్లి, వచ్చే తరంగాలతో కలుస్తాయి. ఒకదాని సంపీడనం మీద మరొకదాని విరళీకరణం పడితే రెండూ అణగిపోతాయి. గొట్టం పొడవు, గదుల కొలత మారితే స్వరమూ మారుతుంది. (వేణువూ అంతే. ఆ ఊళ్లో వెలసింది వేణుగోపాలస్వామే గదా!)

మోత సంగతి అలా ఉంచండి. నాకు భయమల్లా అతుకుల దగ్గరే. పొగలో రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. డీజిలు పొగలో తక్కువ, పెట్రోలు పొగలో హెచ్చు. అతుకు వదులైతే అది డ్రైవరు కూర్చునే చోటికి చేరవచ్చు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా దానిని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తల నొప్పి, మగత కలుగుతాయి. పాపం, డ్రైవరు నిద్ర చాలలేదనుకుంటాడు!

మీ ఇంట్లో బండి ఉంటే, ఇంజను చల్లారాక అతుకుల చుట్టూ చూడమని పెద్దవాళ్లతో చెప్పండి. నల్లని మసి చార కనబడితే పొగ అక్కడ కారుతున్నట్లే.